ముందు ప్రశ్న, తర్వాత పానా: సిఎన్‌సి మిషన్ల సర్వో అలారాలపై ఒక పాఠం





గత సంవత్సరం సర్వసభ్య సమావేశంలో ఒక పెద్దాయన మమ్మల్ని సూటిగా అడిగారు. "బియ్యం ఇస్తే ఇంటిల్లిపాదీ తింటారు. కుట్టుమిషన్ ఇస్తే ఒక ఆడబిడ్డ తన కాళ్ల మీద నిలబడుతుంది. మీరేమో పిల్లల్ని కూర్చోబెట్టి అలారాలు, నంబర్లు అంటున్నారు. మా సొమ్ముతో వాళ్లకు నేర్పుతున్నది ఏమిటి బాబూ?" అప్పటికే జొహర్ నమాజు వేళ అయింది. రెండు ముక్కల్లో జవాబు చెప్పి కూర్చున్నాం. ఆ జవాబు మాకే తృప్తినివ్వలేదు.

అడిగే హక్కు దాతకు ఉంది. జకాత్ అర్హుల చేతికే చేరాలి. సదకా అక్కరకు రావాలి. దానికి లెక్క రూపాయల్లో చూపిస్తే సరిపోదు, పనిలో కూడా చూపించాలి. అందుకే ఈ సంచికలో, ఆదివారం తరగతిలో మేము చెప్పే పాఠాల్లో ఒకదాన్ని పిల్లలకు చెప్పినట్టే మీకూ చెబుతున్నాం. మిషన్ ముఖం చూడని వారికి కూడా అర్థమయ్యేలా రాయడానికి ప్రయత్నించాం.

నస్పూర్ పిల్లలకు ఈ పని ఎందుకు

మన నస్పూర్‌లో చాలా ఇళ్లు గని మీద బతికినవే. శ్రీరాంపూర్ ఏరియా గనుల్లో తాత దిగాడు, తండ్రి దిగాడు. కొడుకు కూడా దిగుతాడని అందరూ అనుకున్న రోజులు ఉండేవి. 1990 ప్రాంతంలో సింగరేణి కార్మికుల సంఖ్య లక్షకు పైగా ఉండేది. ఇప్పుడది 40 వేల దరిదాపుల్లో ఉంది. బొగ్గు తగ్గలేదు, చేతుల పని తగ్గింది. ఆ పని మిషన్లు చేస్తున్నాయి.

మరి ఆ మిషన్లను చూసుకునే చేతులు కావాలి కదా. హైదరాబాద్‌లో బాలానగర్, జీడిమెట్ల, చర్లపల్లి వైపు వెళితే వీధి వీధికీ వర్క్‌షాపులు కనిపిస్తాయి. బాలానగర్‌లోని సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ 1968 నుంచి ఈ విద్య నేర్పుతోంది. మన రాష్ట్ర ప్రభుత్వం 2024లో 65 ప్రభుత్వ ఐటిఐలను అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని మొదలుపెట్టింది. కాబట్టి సిఎన్‌సి మీద చెయ్యి వేసే అవకాశం ఇకమీదట మన పిల్లలకు పెరుగుతుంది, ఇన్షా అల్లాహ్.

అయితే మిషన్ నడపడం చాలామంది నేర్చుకుంటారు. ఆగిపోయిన మిషన్ ముందు నిలబడి, అది ఎందుకు ఆగిందో ఆధారంతో చెప్పగలిగేవాళ్లు తక్కువ. మా తరగతి ఆ రెండో పని కోసం.

రమజాన్‌లో వచ్చిన ఒక ఫోను

మొన్నటి రమజాన్‌లో అసర్ తర్వాత మాకు ఒక ఫోను వచ్చింది. మన దగ్గర చదువుకుని, హైదరాబాద్‌లోని ఒక చిన్న వర్క్‌షాపులో పనికి కుదిరిన కుర్రాడు. చేరి రెండో నెల. గొంతు వణుకుతోంది.

"సార్, మిషన్ ఆగిపోయింది. జెడ్ యాక్సిస్ అలారం. నేనే టూలును చక్‌కు గుద్దించానని సూపర్‌వైజర్ అంటున్నాడు. మోటారు పోయిందట. కొత్త మోటారు డబ్బులు నా జీతంలోంచి నెలనెలా కోస్తామని సేఠ్ చెప్పాడు."

"గుద్దించావా బేటా?"

"లేదు సార్. అల్లాహ్ సాక్షిగా లేదు."

వాళ్ల నాన్న గని నుంచి దిగిపోయి ఇంట్లో ఉంటున్నాడు. ఇద్దరు చెల్లెళ్లు చదువుకుంటున్నారు. సర్వో మోటారు ధర అతని జీతానికి ఎన్నో రెట్లు. దాన్ని కోయడం మొదలుపెడితే ఆ ఇంటికి పండగ ఉండదు. ఈ పాఠం ఆ మిషన్ చుట్టూనే సాగుతుంది. ముందు అసలు సర్వో అంటే ఏమిటో చూద్దాం.

కన్ను, చెయ్యి, లెక్క

పాత ఖరాదు మిషన్ మీద కార్మికుడు చేత్తో చక్రం తిప్పి టూలును ముందుకు తెచ్చేవాడు. చెయ్యి తిప్పుతుంది, కన్ను కొలత చూస్తుంది, బుద్ధి సరిచేస్తుంది. సిఎన్‌సి మిషన్‌లో చేతి పని సర్వో మోటారు చేస్తుంది. కన్ను పని మోటారు వెనకాల ఉండే ఎన్‌కోడర్ చేస్తుంది. బుద్ధి పని కంట్రోల్‌ది. మధ్యలో డ్రైవ్ అనే పెట్టె ఉంటుంది. కంట్రోల్ చెప్పినంత కరెంటును అది మోటారుకు అందిస్తుంది. మోటారు తిరిగితే బాల్ స్క్రూ అనే మరమేకు తిరుగుతుంది, దాంతో టూలు గైడ్‌వేల మీద జరుగుతుంది. ఇలా ఒక దిక్కున నడిచే ఏర్పాటునే ఒక యాక్సిస్ అంటారు.

తన పనిని తానే చూసుకుని సరిదిద్దుకునే ఏర్పాటు మన పెద్దలకు కొత్తది కాదు. 9వ శతాబ్దంలో బాగ్దాద్‌లో బనూ మూసా సోదరులు, ఆ తర్వాత 1206లో తన గ్రంథం పూర్తిచేసిన అల్ జజరీ, నీటి మట్టాన్ని బట్టి తనంతట తానే తెరుచుకుని మూసుకునే తేలే మూతలను వర్ణించారు. మన ఇంటి మీద ట్యాంకులో బంతి పైకి లేచి నీళ్లు ఆపుతుందే, అదే సూత్రం. నీళ్లు ఎంత ఉన్నాయో చూడటం, ఎంత కావాలో పోల్చడం, తేడాను బట్టి పని చేయడం. ఆ పోలికను సర్వో సెకనుకు వేలసార్లు చేస్తుంది.

అంకెలతో నడిచే మొదటి మిల్లింగ్ మిషన్‌ను 1952లో అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో ప్రదర్శించారు. జపాన్‌లో ఫుజిత్సు నుంచి 1972లో విడివడిన ఫనక్ కంపెనీ కంట్రోళ్లు ఇప్పుడు మన వర్క్‌షాపుల్లో బాగా కనిపిస్తాయి. అందుకే ఈ పాఠంలో నంబర్లన్నీ ఫనక్‌వే చెబుతున్నాం. వేరే కంపెనీ మిషన్‌లో నంబర్లు మారతాయి, ఆలోచించే పద్ధతి మారదు.

వెనకబాటు ఎంత

ఇక్కడ ఒక చిన్న లెక్క ఉంది. పిల్లలందరి చేత బోర్డు మీద చేయిస్తాం.

నడుస్తున్న యాక్సిస్ ఎప్పుడూ ఆజ్ఞ కంటే కొంచెం వెనక ఉంటుంది. తల్లి చెయ్యి పట్టుకుని నడిచే బిడ్డ అరడుగు వెనక ఉన్నట్టు. ఇది తప్పు కాదు, సహజం. ఎంత వెనక ఉంటుందో లెక్క కట్టవచ్చు. టూలు నిమిషానికి 6000 మిల్లీమీటర్ల వేగంతో పోతోందనుకోండి. అంటే సెకనుకు 100 మిల్లీమీటర్లు. లూప్ గెయిన్ అనే అమరిక సెకనుకు 30గా ఉంటే, 100ను 30తో భాగించాలి. దాదాపు 3.3 మిల్లీమీటర్లు వస్తుంది. వేగం సగానికి తగ్గిస్తే వెనకబాటు కూడా సగమవుతుంది. ఈ అంకెను ఫనక్ కంట్రోల్‌లో డయాగ్నసిస్ 300వ పేజీలో కళ్లారా చూడవచ్చు.

వెనకబాటు ఇంత దాటకూడదని మిషన్‌లో ఒక హద్దు పెట్టి ఉంటారు. నడిచేటప్పటి హద్దు 1828 నంబరు పారామీటర్‌లో, నిలబడినప్పటి హద్దు 1829లో ఉంటాయి. నడుస్తూ హద్దు దాటితే 411 అలారం. నిలబడి ఉండగా దాటితే 410 అలారం. హైదరాబాద్ మిషన్ మీద వచ్చింది 411.

ఇప్పుడు ఆ 411 ఏమి చెప్పిందో జాగ్రత్తగా వినండి. "నేను చెప్పినంత వేగంగా టూలు రాలేదు" అని మాత్రమే చెప్పింది. మోటారు పోయిందని చెప్పలేదు. ఎవరో గుద్దించారని అసలే చెప్పలేదు.

మన గనుల్లో గ్యాసు చూడటానికి సేఫ్టీ ల్యాంపు పట్టుకెళ్లేవారు. మంట మీద నీలి టోపీ కనిపిస్తే గ్యాసు ఉందని తెలుస్తుంది. ఎక్కడి నుంచి వస్తోందో దీపం చెప్పదు. అది సర్దార్, ఓవర్‌మన్ వెతికి తెలుసుకోవాలి. అలారం కూడా ఆ దీపం లాంటిదే. కొందరు మెకానిక్‌లు 1828లో హద్దు పెంచేసి అలారం నోరు మూయిస్తారు. దీపం ఆర్పితే గ్యాసు పోతుందా? మా పిల్లలకు మొదటి రోజే చెబుతాం, కారణం తెలియకుండా పారామీటర్ ముట్టుకోవద్దని.

పానా పట్టేముందు ప్రాణం

ప్రశ్నలకు ముందు భద్రత. ఇది వినకుండా ఎవ్వరినీ మిషన్ దగ్గరికి పోనివ్వం.

మెయిన్ స్విచ్ ఆపినా డ్రైవ్‌లోని కెపాసిటర్లలో ప్రాణం తీసేంత కరెంటు కొంతసేపు నిలవ ఉంటుంది. చార్జ్ అని రాసిన చిన్న దీపం ఆరిపోవాలి. ఆ మిషన్ పుస్తకంలో రాసినంతసేపు ఆగాలి. ఆ తర్వాత కూడా మీటరు పెట్టి చూసుకునే చెయ్యి పెట్టాలి. స్విచ్‌కు సొంత తాళం వేసి తాళంచెవి జేబులో పెట్టుకోవాలి.

నిలువుగా కదిలే యాక్సిస్‌కు కింద దుంగ గానీ దిమ్మె గానీ ఆనించకుండా మోటారు విప్పకూడదు. బ్రేక్ విడిపోతే తల మొత్తం కిందికి వస్తుంది. గనిలో సపోర్టు పెట్టకుండా కప్పు కిందికి పోకూడదని మన నాన్నలు నేర్చుకున్న పాఠమే ఇది. చివరగా, ఏదైనా మార్చేముందు పారామీటర్లన్నీ కార్డులోకి కాపీ చేసుకోవాలి.

అయిదు ప్రశ్నలు

మొదటి ప్రశ్న: ఏ నంబరు, ఏ యాక్సిస్, ముందు వచ్చింది ఏది? తెర మీద ఒక్కోసారి మూడు నాలుగు అలారాలు కనిపిస్తాయి. ఉదాహరణకు 401 అంటే డ్రైవ్ సిద్ధంగా లేదని. చాలాసార్లు అది వేరే అలారం వెంట తోకలా వస్తుంది. తోకను పట్టుకుంటే ఆవు దొరకదు. అలారం హిస్టరీ పేజీలో తేదీ, సమయంతో సహా వరుస ఉంటుంది. దాన్ని ఫోటో తీసుకున్నాకే రీసెట్ నొక్కాలి.

రెండో ప్రశ్న: ఎప్పుడు? స్విచ్ వేయగానేనా, నిలబడి ఉన్నప్పుడా, పరుగెత్తేటప్పుడా, కోత కోసేటప్పుడా?

మూడో ప్రశ్న: ఎక్కడ? ప్రతిసారీ ఒకే చోట వస్తే గైడ్‌వే, బాల్ స్క్రూ, లేదా అక్కడికి వచ్చేసరికి వంగే కేబుల్ మీద అనుమానం. ఎక్కడపడితే అక్కడ వస్తే డ్రైవ్, కరెంటు సరఫరా, కనెక్టర్ల వైపు చూడాలి.

నాలుగో ప్రశ్న: చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా? పొద్దున లేక మధ్యాహ్నం వస్తే వేడితో సంబంధం ఉంది. మన వైపు ఎండాకాలం 45 డిగ్రీలు తాకుతుంది. కరెంటు పెట్టెలో ఫ్యాన్ దుమ్ముతో ఆగిపోతే డ్రైవ్ ఉడికిపోతుంది. బొగ్గు దుమ్ము ఉన్నచోట ఇంకా జాగ్రత్త అవసరం.

అయిదో ప్రశ్న: దీనికి ముందు ఏమి మారింది? సెలవులు వచ్చాయా, పిడుగు పడిందా, కూలెంట్ మార్చారా, ఎవరైనా పారామీటర్ ముట్టుకున్నారా?

ఈ అయిదింటికి జవాబులు కాగితం మీద రాశాకే పానా చేతికిస్తాం.

అలారాల కుటుంబాలు

నంబర్లన్నీ బట్టీ పట్టనక్కర్లేదు. కుటుంబాలుగా గుర్తుపెట్టుకుంటే చాలు.

వెనకబాటు కుటుంబం 410, 411. బిగుతు, తగినంత బలం అందకపోవడం, విడవని బ్రేక్, ఇవన్నీ ఇక్కడ బయటపడతాయి.

వేడి కుటుంబం 430, 436. మోటారు నిజంగా వేడెక్కితే 430. ఎక్కువ కరెంటు ఎక్కువసేపు పోతోందని కంట్రోల్ లెక్కగట్టి ముందే ఆపితే 436. రెంటిలోనూ మోటారు ఎక్కువ కష్టపడుతోందా అన్నది చూడాలి.

కరెంటు కుటుంబం 438. మోటారు చుట్టలో గానీ, కేబుల్‌లో గానీ, డ్రైవ్‌లో గానీ అసాధారణమైన కరెంటు పోయిందని అర్థం. మోటారులోకి కూలెంట్ దిగితే ఇది వస్తుంది. మోటారు కేబుల్‌ను డ్రైవ్ నుంచి విప్పాకే 500 వోల్టుల మెగ్గర్‌తో చుట్టకూ బాడీకీ మధ్య చూడాలి. 100 మెగాఓమ్‌లు, ఆపైన ఉంటే బాగుంది. 10 నుంచి 100 మధ్య ఉంటే క్షీణించడం మొదలైంది, కనిపెట్టి ఉండాలి. 1 నుంచి 10 మధ్య ఉంటే ప్రమాదం దగ్గరలో ఉంది. 1 కంటే తక్కువైతే మోటారు మార్చాల్సిందే. ఎన్‌కోడర్ కనెక్టర్‌కు మాత్రం మెగ్గర్ తాకించకూడదు, తాకిస్తే ఎన్‌కోడర్ పోతుంది.

సరఫరా కుటుంబం 433, 439. డ్రైవ్‌కు లోపల అందే డిసి వోల్టేజి తక్కువైతే 433, ఎక్కువైతే 439. ఏ వేళకు వస్తోందో రాసుకుని, ఆ వేళకు మూడు ఫేజులూ కొలిచి చూడాలి.

కంటి కుటుంబం 368, 300, 307, 308. ఎన్‌కోడర్ పంపే సమాచారం చెడితే 368. దాని బ్యాటరీ తగ్గుతోందని 307, 308 ముందుగా హెచ్చరిస్తాయి. వినకపోతే మిషన్ తన స్థానాన్నే మరిచిపోయి 300 చూపిస్తుంది. ఈద్ సెలవులకు మిషన్ ఆపి తిరిగి వచ్చేసరికి ఇది ఎదురైన వర్క్‌షాపులు చాలా ఉన్నాయి. ఇక్కడ ఒక మాట మరవకూడదు. ఎన్‌కోడర్ బ్యాటరీని మిషన్ ఆన్‌లో ఉండగానే మార్చాలి. ఆపి మార్చితే స్థానం పోతుంది, మళ్లీ రిఫరెన్స్ పెట్టుకోవాలి.

చివరిది 417. సర్వో పారామీటర్ తప్పుగా ఉందని. ఎవరి చెయ్యి పడిందో అడగాల్సిన అలారం ఇది.

అనుమానం రెండు భాగాల మధ్య ఉన్నప్పుడు మార్పిడి పరీక్ష ఉంది. ఒకే సైజు, ఒకే రకం డ్రైవ్‌లు ఉంటే రెండు యాక్సిస్‌ల డ్రైవ్‌లను పరస్పరం మార్చి చూడాలి. అలారం డ్రైవ్ వెంట వెళితే తప్పు డ్రైవ్‌ది. అక్కడే ఉండిపోతే మోటారుది, కేబుల్‌ది, లేదా మోటారు అవతలి ఇనుముది. సైజులు వేరైతే ఈ పరీక్ష చేయకూడదు.

మళ్లీ ఆ మిషన్ దగ్గరికి

ఫోనులోనే కుర్రాడిని అయిదు ప్రశ్నలూ అడిగాం. అప్పటికే అతను కాగితం మీద రాసి ఉంచాడు.

అలారం 411, జెడ్ యాక్సిస్, వెంట 401. టూలు వేగంగా చక్ వైపు పోయేటప్పుడు వస్తోంది. ప్రతిసారీ చక్‌కు దగ్గరగా ఒకే చోట. పొద్దున రాదు, మధ్యాహ్నం దాటాక వస్తోంది.

ఒకే చోట అనగానే మేము తొందరపడ్డాం. "కేబుల్ అక్కడ వంగుతూ లోపల తెగి ఉంటుంది, కేబుల్ చూడు" అన్నాం. ఒక్క క్షణం ఆగి అతను అన్నాడు, "సార్, లోడ్ మీటరు చూశాను. మధ్యలో 30 శాతం లోపే ఉంది. చక్ దగ్గరికి వచ్చేసరికి 90 దాటుతోంది. వేగం తగ్గించి పంపితే అలారం లేకుండా పోతోంది. కేబుల్ అయితే లోడు ఎందుకు పెరగాలి?"

మాకు సిగ్గు, సంతోషం రెండూ కలిగాయి. అతను చెప్పింది నిజం. తెగిన కేబుల్ మోటారు చేత బరువు మోయించదు. ఎన్‌కోడర్ కేబుల్ అయితే 368 లాంటిది రావాలి. లోడు మెల్లగా పెరుగుతోందంటే మోటారు గట్టిగానే లాగుతోంది, ఏదో ఒకటి ఎదురు పట్టుకుంటోంది. "నీ మాటే కరెక్టు బేటా. మిషన్ ఆపి, తాళం వేసి, కవర్ తీసి చూడు" అన్నాం.

గైడ్‌వేల మీద ఒకదానిలోకి ఒకటి జరిగే రేకుల కవర్ ఉంటుంది. దాన్ని విప్పితే కింద ఇనుప తురుము గడ్డకట్టి ఉంది. పగలంతా కోత జరిగేది చక్ దగ్గరే కాబట్టి తురుము అక్కడే చేరింది. తుడిచి చూస్తే గైడ్‌వే పొడిగా ఉంది, నూనె చుక్క లేదు. నూనె ట్యాంకు మాత్రం నిండుగా ఉంది. ట్యాంకు ఖాళీ అయితే మిషన్ అరుస్తుంది. ట్యాంకు నిండుగా ఉంటే ఎవరూ పట్టించుకోరు. నూనె ఖర్చు కావడం లేదని అక్కడ అందరూ సంతోషంగా ఉన్నారట. నూనెను పంచే చిన్న ఇత్తడి ముక్క మూసుకుపోయి, ఆ వైపు గైడ్‌వేకు నూనె వెళ్లడమే మానేసింది. పొడి ఇనుము మీద పొద్దంతా రాపిడి జరిగి, వేడెక్కి, మధ్యాహ్నానికి బిగుసుకుంటోంది.

తురుము తీసి, ఇత్తడి ముక్క మార్చి, నూనె గైడ్‌వే పొడవునా కనిపించేదాకా పంపు నడిపారు. మిషన్ నడిపితే చక్ దగ్గర కూడా లోడు 30 శాతం దాటలేదు. మోటారు ఆరోగ్యంగా ఉంది.

ఇక మిగిలింది గుద్దించాడన్న నింద. దానికి కూడా సాక్షి మిషన్‌లోనే దొరికింది. మొదటి ప్రశ్న గుర్తుందా, హిస్టరీ పేజీ? మిషన్ గడియారాన్ని ఫోను గడియారంతో పోల్చి సరిగ్గా ఉందని చూసుకుని, పేజీలు వెనక్కి తిప్పారు. జెడ్ యాక్సిస్ మీద మొదటి 411 తేదీ ఈ కుర్రాడు పనిలో చేరడానికి పదకొండు రోజుల ముందుది. అప్పుడు ఎవరో రీసెట్ నొక్కి వదిలేశారు.

అతను ఆ పేజీని సేఠ్‌కు చూపించాడు. గొంతు పెంచలేదు, ఎవరి పేరూ తీయలేదు. జీతం కోయలేదు. ఇఫ్తార్ తర్వాత మళ్లీ ఫోను చేసి ఇదంతా చెప్పాడు. వెనకాల మిషన్ చప్పుడు వినిపిస్తూనే ఉంది.

ఈ పాఠంలో మన దీన్

ఒకడు తెచ్చిన వార్తను విచారించకుండా నమ్మి, తెలియక ఎవరికో హాని చేసి, తర్వాత చింతించే స్థితి తెచ్చుకోవద్దన్న హెచ్చరిక సూరా హుజురాత్‌లో ఉందని మనకు తెలుసు. దాన్ని మనం ఇరుగుపొరుగు మాటలకే అన్వయించుకుంటాం. వర్క్‌షాపులో కూడా అది అంతే వర్తిస్తుంది. అలారం ఒక వార్త. విచారణ లేకుండా దాన్ని తీర్పుగా తీసుకుంటే మంచి మోటారు చెత్తకు పోతుంది, పేద కుర్రాడి కూలి పోతుంది.

హజ్రత్ దావూద్ అలైహిస్సలామ్ చేతిలో ఇనుము మెత్తబడిన సంగతి, కవచాల కడియాలను కొలత తప్పకుండా కూర్చమని ఆయనకు ఆజ్ఞ అయిన సంగతి సూరా సబాలో ఉన్నాయి. ఇనుము పని, కొలత పని ప్రవక్తల ఇంటి పని. మన పిల్లలు ఆ పనిలో ఉన్నందుకు తలెత్తుకోవాలి.

దాతలకు మా విన్నపం

ఇప్పుడు ఆ పెద్దాయన ప్రశ్నకు మా జవాబు. మీ సొమ్ముతో మేము నేర్పుతున్నది నంబర్లు కాదు. నింద పడినప్పుడు కంగారుపడకుండా ముందు ప్రశ్న అడగడం, జవాబు రాసుకోవడం, ఆధారం దొరికేదాకా ఏ భాగాన్నీ, ఏ మనిషినీ దోషి అనకపోవడం నేర్పుతున్నాం. చెప్పేది గురువైనా, చూసిన ఆధారం వేరేగా ఉంటే మర్యాదగా చెప్పడం కూడా. ఆ రోజు అతను మా మాట విని కేబుల్ మార్చి ఉంటే ఈ వ్యాసం మరోలా ఉండేది.

జకాత్ నుంచి అర్హులైన పిల్లల ఫీజు, చార్జీలు చూస్తాం. మీటర్లు, మెగ్గర్, పుస్తకాలు, పాత డ్రైవ్‌లు కొనడానికి సదకా వాడతాం. రెంటికీ లెక్కలు వేరుగా రాస్తాం. ఏ ఆదివారమైనా తరగతికి వచ్చి లెక్క పుస్తకం, పిల్లల రాత పుస్తకాలు రెండూ చూడవచ్చు.

డబ్బు కాకుండా ఇంకో రెండు అడుగుతున్నాం. మీకు వర్క్‌షాపు ఉంటే, లేదా తెలిసినవారికి ఉంటే, పాడైన మోటారు, కాలిపోయిన డ్రైవ్ తుక్కుకు అమ్మేముందు మాకు చెప్పండి. వాటిని విప్పి చూస్తేనే పిల్లలకు లోపలి సంగతి తెలుస్తుంది. రెండోది, మన పిల్లల్లో ఒకరిని మీ దగ్గర పనిలో పెట్టుకోండి. వాడు తప్పు చేస్తే దండించండి, కానీ తప్పు వాడిదేనా అని ముందు అడగండి.

అల్లాహ్ మీ సంపాదనలో బర్కత్ ప్రసాదించుగాక. మన పిల్లల చేతులకు హలాల్ పనిని, నాలుకకు నిజాన్ని, కష్టకాలంలో ఓర్పును ప్రసాదించుగాక. ఆమీన్.